గోలకధందకు తెలుగు మాట

పోయిన నెలలో పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి తెలుగులోకి మార్చే పని ఒప్పుకున్నాను. అందులో ఒక పేజీ నిండా వంకర గీతలు. ఒక మూల చీమ, నడిమధ్య బెల్లం ముక్క. చీమకు దారి చూపించమని పిల్లలకు చెప్పాలి. ఆ బొమ్మ పేరు దగ్గర నా కలం ఆగింది. ఇంగ్లీషులో మేజ్ అని చిన్న మాట. చిక్కుదారి అని రాసి కొట్టేశాను. తికమక దారి అని రాసి అదీ కొట్టేశాను. పద్మవ్యూహం అందామనుకుంటే, అందులో దూరినవాడు దారి తప్పడు, చచ్చిపోతాడు, అది వేరు ఇది వేరు అని ఎవరో చెవిలో అన్నట్టయింది. ఆ అభ్యంతరం నాది కాదు. ముప్పై ఏళ్ళు దాటింది, రాయగడలో మా పెదనాన్న కొట్టులో చింతపండు బస్తాను ఆనుకుని నిలబడి ఆయన అన్న మాట అది. ఆ రోజు నడవ గుమ్మంలోంచి ఆయనకు బదులు చెప్పిన మా దొడ్డమ్మ పోయి అప్పటికి ఇరవై రోజులైనా కాలేదు. పుస్తకం మూసేశాను. ఈ సంగతులు ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఆవిడ ఉండడమే. ఇప్పుడు ఆవిడ లేదు.

మా నాన్న కోరాపుట్‌లో ఒక ఆఫీసు గుమాస్తా. ఆ కొండమీది చలి నాకు పడేది కాదు. కార్తీకం వచ్చిందంటే రాత్రిళ్ళు ఆయాసంతో కూర్చునే తెల్లారేది. ఎనిమిదో తరగతి పూర్తవగానే నన్ను కిందికి, రాయగడకు పంపేశారు. పెదనాన్నకూ దొడ్డమ్మకూ పిల్లలు లేరు. నన్ను పంపడంలో ఆ లెక్క కూడా ఉందేమో, ఎవరూ పైకి అనలేదు. తాతలనాడు బొబ్బిలి వైపు నుంచి ఉప్పు బళ్ళతో వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. ముందు కొట్టు, దాని వెనక బస్తాల గది, తరవాత నడవ, దానికి పక్కన ఒక గది, వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు, పెరటి తలుపు తీస్తే సందు. రైలు పెట్టెలా వెడల్పు లేని ఇల్లు. బస్తాల గదిలో పట్టపగలు కూడా దీపం కావాలి. చింతపండు, వలిసెలు, పసుపు కొమ్ములు, ఎండిన ఇప్పపువ్వు, వీటన్నిటి మీదా గోనెసంచి వాసన. బడికి వెళ్తే నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి, ఇవాళ మీ కొట్లోకి ఏ సరుకొచ్చిందో చెప్పేసేది.

దొడ్డమ్మ చీకటితో లేచేది. కుళాయికి నీళ్ళు వదిలేది ఆ వేళకే. సందు మొదట్లో కుళాయి దగ్గర బిందెల వరస, ఆ వరసలో దొడ్డమ్మ ఇత్తడి బిందె ఎప్పుడూ రెండోదో మూడోదో. నీళ్ళయ్యాక కొట్టు ముందు కళ్ళాపి, పొయ్యి మీద చోడి అంబలి. పెదనాన్న స్నానం చేసి, నుదుటి మీద బొట్టుపెట్టుకుని, చెవి వెనక పెన్సిలు దోపుకుని కొట్టు తలుపులు తీసేవాడు. ఆ పెన్సిలు సరుకు పద్దులకు కాదు, వాటికి వేరే పెన్ను ఉండేది. పెన్సిలు మాటలకు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి తక్కెడ పక్కన ఉండేది. పేజీకి నాలుగు గళ్ళు. తెలుగు, ఒడియా, కొండవాళ్ళు మాట్లాడే దేశియా, కుయి. మునిగుడ సంతకో, రామనగుడ సంతకో సరుకు వేసుకుని వెళ్ళినప్పుడల్లా నాలుగు కొత్త మాటలైనా మూటగట్టుకుని వచ్చేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. ‘మాటకి రేటు నేదు కాబట్టి ఎవులూ కొలవరమ్మి. నాను కొలుస్తాను’ అనేవాడు నాతో. మా బడి ఒడియా బడి. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే, పొట్లాలు కట్టే పాత కాగితాల మీద వేలు పెట్టి చదివించి. ఇవాళ నేను తెలుగులో నాలుగు వాక్యాలు రాసి తిండి తింటున్నానంటే ఆ పొట్లాం కాగితాల పుణ్యమే.

ఆయనకు ఒకే ఒక్క స్నేహితుడు. పండా మాస్టారని, మా వీధి చివర ఉండే ఒడియా మాస్టారు. సాయంత్రం బడి విడిచాక సైకిలు గోడకు ఆనించి, కొట్టు అరుగు మీద కూర్చుని, ఒక పలుకు బెల్లం నోట్లో వేసుకుని మాటల మీద గొడవకు దిగేవాడు. ఆయన తెలుగు పుస్తకంలో తెలుగులా ఉండేది. మా పెదనాన్న ఒడియా సంతలో ఒడియా. ఒకరి భాషలో ఒకరు మాట్లాడుకునేవారు, అది వాళ్ళ మర్యాద.

నేను తొమ్మిదిలో ఉన్న ఏడు, వేసవికి ముందు, ఒక జోగి వచ్చాడు. కాషాయం గుడ్డలు, చేతిలో ఒంటితీగ కెందెరా. అలాంటివాళ్ళు గంజాం వైపు నుంచి ఏటా వచ్చి, వాకిట నిలబడి పాడి, బియ్యం పట్టుకుపోయేవారు. ఆ రోజు పాట అయ్యాక అతను జోలెలోంచి ఒక వస్తువు తీశాడు. గుండ్రటి చెక్క, దాని చుట్టూ చిల్లులు, చిల్లుల్లోంచి అడ్డంగా నిలువుగా దూర్చిన దారం, ఆ దారం మధ్య ఒక గవ్వ. దారం తెంపకుండా గవ్వ బయటకు తియ్యాలి. పెదనాన్న ప్రయత్నించాడు, పండా మాస్టారు ప్రయత్నించాడు. సరుకు దింపడానికి వచ్చిన లారీ డ్రైవరు, బీహారు వాడు, దూరం నుంచి చూసి నవ్వి ‘గోరఖ్ ధంధా’ అన్నాడు.

“తప్పు,” అన్నాడు పండా మాస్టారు. “అది గోలకధంద.”

జోగి ఇద్దరి వైపూ చూశాడు. ఏదో గొణుక్కుంటూ రెండు వేళ్ళతో దారాన్ని అటూ ఇటూ తిప్పి, గవ్వను అరచేతిలో పెట్టుకుని చూపించాడు. మా గురువు గోరఖనాథుడు శిష్యుల ఓర్పు చూడ్డానికి చేసిన వస్తువు అని ఒడియాలో చెప్పి, బియ్యం జోలెలో పోయించుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక అసలు గొడవ మొదలైంది. ఒడియాలో దారీ తెన్నూ తెలియని చిక్కుల తోవను గోలకధంద అంటారు. గోలకం అంటే గుండ్రంది, ధంద అంటే కళ్ళు తిరిగినట్టు కావడం, గుండ్రంగా తిరిగి తిరిగి తల తిరిగే చోటు కనక గోలకధంద అని పండా మాస్టారి వాదం. ఇంకో అర్థం కూడా ఉందనీ, గోలోకం చేరే దారి అంత కష్టమని పెద్దలు పెట్టిన పేరనీ ఆయనే మళ్ళీ అన్నాడు.

“రెండర్థాలు సెప్పేరంటే మీకు ఒక్కటీ తెలీదన్నమాట మాస్టారూ,” అన్నాడు పెదనాన్న. “ఇప్పుడు సూసేరు గదా. వస్తువు జోగిది. పేరు గోరఖ్‌ది. మీవోళ్ళకి గోరఖ్ తెలీదు, గోలోకం తెలుసు. రకారం లకారం అయిపోనాది. మా కొట్టుకొచ్చే పిల్లలు రబ్బరుని లబ్బరు అనరేటి?”

“మరి తెలుగులో ఏమంటారు సావుకారుగారూ?”

పెదనాన్న చెవి వెనక పెన్సిలు అందుకున్నాడు. తక్కెడ పక్కనున్న పుస్తకం తీసి గోలకధంద అని ఒడియా గడిలో రాసుకున్నాడు. తెలుగు గడి ఖాళీగా ఉంచాడు. మాస్టారు పద్మవ్యూహం అంటే, ఎందుకు కాదో పెదనాన్న చెప్పాడు. చిక్కుముడి దారానికే గాని దారికి కాదన్నాడు. అప్పుడు నడవ గుమ్మంలోంచి దొడ్డమ్మ కలగజేసుకుంది.

“మా ఊర్లో మరులుతీగ తొక్కేడంటారు. అడవిలో ఓ తీగుంటాది. తెలీక తొక్కేమంటే ఇంక ఎటెల్లినా మళ్ళీ అక్కడికే వచ్చెస్తాం.”

“అది తొక్కినోడి సంగతి,” అన్నాడు పెదనాన్న. “నాకు దారి పేరు కావాలి.”

“దారికేటుంది. దారి దారిలాగే ఉంటాది. తప్పిందల్లా మనిషే గదా.”

ఆ మాటకు పండా మాస్టారు తలూపాడు. పెదనాన్న ఒప్పుకోలేదు. ఆ తరవాత ఏడాదిపాటు కొట్టుకు వచ్చిన ప్రతివాణ్ణీ ఆ మాట అడిగాడు. కొండచీపుళ్ళు తెచ్చే ఆడవాళ్ళను, రైల్వే వాళ్ళను, తెరుబలి నుంచి వచ్చే ఫ్యాక్టరీ పనివాళ్ళను, పౌరోహిత్యానికి వచ్చే అయ్యవారిని. ఎవరు ఏం చెప్పినా పెన్సిలుతో రాసుకునేవాడు, మర్నాటికి కొట్టేసేవాడు. తెలుగు గడి నల్లగా అలికినట్టయింది. మాకు అది సరదా. సాయంత్రం పండా మాస్టారు సైకిలు దిగుతూనే ‘దొరికిందా సావుకారుగారూ’ అనడం, ఈయన తల అడ్డంగా ఊపడం.

మొదట ఏ రోజున తేడా కనిపించిందో చెప్పలేను. ఒకసారి రామనగుడ సంతకు వెళ్ళి, తిరుగు బస్సు ఎక్కాల్సింది గుణుపురం వెళ్ళే బస్సు ఎక్కేశాడు. ముప్పై ఏళ్ళుగా వెళ్ళొస్తున్న దారి. నిద్రమత్తులో ఎక్కేశాను అన్నాడు, అందరం నవ్వాం. ఇంకోసారి ఒకామె వచ్చి ఉప్పు అడిగితే, ఆమె ముందే నిలబడి, ఉప్పు బస్తా మీద చెయ్యి వేసి, ‘ఇదా, దీన్ని మనవేటంటాం అమ్మీ’ అని నన్ను అడిగాడు. నన్ను పరీక్ష చేస్తున్నాడనుకుని నాలుగు భాషల్లోనూ చెప్పాను. ఆయన ముఖంలో మెచ్చుకోలు లేదు. వినికిడి తగ్గినవాడు పెదాలను చూసినట్టు నా నోటివంక చూస్తున్నాడు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

పదో తరగతి అయ్యేసరికి మాకు తెలిసిపోయింది. బస్తాల గదిలోకి వెళ్ళినవాడు బయటకు రాలేకపోయేవాడు. రెండు వరసల మధ్య అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చంటిపిల్లాడిలా వెనక వచ్చేవాడు. ఒక సాయంత్రం పండా మాస్టారు వచ్చి ఎప్పటిలా అరుగు మీద కూర్చుంటే, పెదనాన్న ఆయనకు ఎదురువెళ్ళి నమస్కారం పెట్టి, ‘ఎవులండీ, ఏం కావాలి?’ అన్నాడు. మాస్టారు చేతిలోని బెల్లం పలుకు అరుగు మీద పెట్టేశాడు. ‘ఏమీ వద్దండీ, ఇటు వెళ్తూ ఆగాను’ అని చెప్పి సైకిలు తీసుకున్నాడు. ఆ తరవాత కూడా రోజూ వచ్చేవాడు. ఏదో ఒకటి కొనుక్కుని వెళ్ళేవాడు, అగ్గిపెట్టో, కొవ్వొత్తో. అరుగు మీద మాత్రం కూర్చోలేదు.

నాన్న సెలవు పెట్టి వచ్చి, పెదనాన్నను కోరాపుట్ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాడు. అక్కణ్ణుంచి విశాఖపట్నం. తిరిగివచ్చాక వంటింట్లో దొడ్డమ్మకు చెప్పడం నేను విన్నాను. మెదడు ఎండిపోతోందట. మందు లేదట. జేబులో ఇంటి చిరునామా రాసి పెట్టమన్నారట. దొడ్డమ్మ కూర తరుగుతూనే వింది. ‘అంతేనా?’ అంది. నాన్న అంతే అన్నాడు. వీధిలో మాత్రం మరులుతీగ తొక్కేడనీ, సంతలో ఎవరో ఏదో పెట్టేరనీ అన్నారు. దొడ్డమ్మ మజ్జిగౌరమ్మ గుడికి మొక్కుకుంది, కొండమీది నుంచి మంత్రం వేసే గురువును పిలిపించి దిష్టి తీయించింది, ఎవరేం చెప్తే అది చేసింది. ఏదీ పనిచెయ్యదని తెలిసే చేసిందని నాకిప్పుడు అనిపిస్తుంది. చెయ్యకపోతే నలుగురూ ఏమంటారో అని చేసింది.

నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో మొదట కొట్టు పోయింది. పోవడమంటే దొడ్డమ్మ తమ్ముడి కొడుకు వచ్చి కూర్చున్నాడు. తరవాత మాటలు పోయాయి, ఒక్కొక్కటే. చిత్రం ఏమిటంటే ముందు తెలుగు పోయింది. కొన్నాళ్ళు సంతలో ఒడియా మిగిలింది, ధరలు, లెక్కలు, పలకరింపులు. దొడ్డమ్మకు ఒడియా సరిగా రాదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు ‘ఎంతకిస్తావు’ అని అడుగుతుంటే ఆవిడ ‘ఏటంటన్నారమ్మి?’ అని నన్ను పిలిచేది. పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టేదాన్ని. పెన్సిలు చేతికిస్తే పట్టుకునేవాడు. గోలకధంద అని రాసిన పేజీ దగ్గర వేలు పెట్టి, అలికిన గడి మీద మళ్ళీ మళ్ళీ గీసేవాడు, కాగితం చిరిగేదాకా.

ఆయన నిద్రపోవడం మానేశాడు. ఆయనతోపాటు దొడ్డమ్మా మానేసింది. చీకటి పడితే చాలు, ‘ఇంటికి ఎల్లిపోతాను’ అని బయల్దేరేవాడు. ఇదే ఇల్లంటే నమ్మేవాడు కాదు. రెండుసార్లు రైలుకట్ట మీద దొరికాడు. మూడోసారి తరవాత వడ్రంగిని పిలిచి నడవ పక్క గదికి బయటివైపు గడియ పెట్టించారు. పెట్టించింది దొడ్డమ్మే. వడ్రంగి మేకులు కొడుతున్నంతసేపూ గోడకు చేరగిలబడి చూసింది. మొదట్లో పెదనాన్న లోపలినుంచి తలుపు బాదేవాడు. నెల తిరిగేసరికి బాదడం మానేసి, పరాయి ఇంటి తలుపు కొట్టినట్టు మెల్లగా తట్టేవాడు. ‘ఎవులండీ లోపల, కాస్త తలుపు తియ్యండి బాబూ, సీకటడిపోతంది’ అనేవాడు. ఎక్కణ్ణుంచో ఆ తెలుగు ముక్క ఒక్కటి తిరిగి వచ్చింది. లోపలున్నది తనే అని ఆయనకు తెలీదు. గడియ ఇవతల పడుకుని దొడ్డమ్మ, పక్కన చదువుకుంటూ నేను, ఇద్దరం ఆ తట్టడం వినేవాళ్ళం.

నాకు అప్పుడు డిగ్రీ పరీక్షలు. ఒకరోజు తెల్లవారుజామున కుళాయి వేళకు లేచాను. దొడ్డమ్మ గది ముందు చాప మీద పడుకుని ఉంది, మొహం మీద కొంగు. ఆవిణ్ణి లేపకుండా నేనే నీళ్ళు తెద్దామని బిందె తీసుకున్నాను. లోపల తట్టుడు వినిపించింది. ‘అమ్మీ’ అన్నాడు. ఏడాది తరవాత నన్ను ఆ పిలుపు పిలిచాడు. ‘అమ్మీ, తలుపు తీయమ్మా. గాలాడ్డం నేదు.’

తీశాను. ఆయన గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలీదు. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకొచ్చి రుబ్బురోలు పక్కన పీట మీద కూర్చోబెట్టాను. బుద్ధిగా కూర్చున్నాడు. ఆకాశం కేసి చూస్తున్నాడు. ఒక్క బిందె తెచ్చుకుని వచ్చేస్తానని చెప్పాను. పెరటి తలుపు దగ్గరికి వేసి వెళ్ళాను, బయటి గొళ్ళెం పెట్టలేదు, నిండు బిందెతో తిరిగొచ్చినప్పుడు తీసేవాళ్ళుండరని. ఆ రోజు కుళాయి దగ్గర ఎవరిదో తగువు, ఆలస్యమైంది. వచ్చేసరికి పీట ఖాళీ. తలుపు బార్లా ఉంది. సందులో ఎవరూ లేరు.

బిందె దించి, లోపలికి వెళ్ళి దొడ్డమ్మను లేపాను. ‘పెదనాన్న లేడు’ అన్నాను. ఆవిడ లేచి కూర్చుని గది వైపు చూసింది. తెరిచి ఉన్న తలుపు, పక్కకు జరిపిన గడియ. నేను చెప్పబోతున్నాను. నోట్లోనే ఉంది మాట. అంతలో ఆవిడ తమ్ముడి కొడుకు కొట్టులోంచి లేచి వచ్చి ‘గడియ ఎవులు తీసేరు?’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపు దొడ్డమ్మ, ‘నానే. రాత్రి మంచినీల్లిచ్చి పెట్టడం మర్చిపోనాను’ అంది. ఆవిడ నిజంగానే అలా అనుకుంటోందని నేను అనుకున్నాను. అనుకోవడం నాకు వీలుగా ఉంది. మాట మింగేశాను.

వెతకని చోటు లేదు. నాన్న కోరాపుట్ నుంచి వచ్చాడు. పండా మాస్టారు బడికి సెలవు పెట్టి సైకిలు మీద సంత సంతకూ తిరిగాడు, పెదనాన్న వెళ్ళే దారులన్నీ ఆయనకు నోటికి వచ్చు, అన్నేళ్ళు విన్నాడు కదా. మునిగుడ స్టేషను బెంచీ మీద చూశామన్నారు, వెళ్తే ఎవరో బిచ్చగాడు. నాగావళి ఒడ్డున వెతికించారు. నెల తరవాత వలిసెలు అమ్మడానికొచ్చిన ఒకామె, కొండ దగ్గర తమ ఊళ్ళో ఒక ముసలాయన మంచినీళ్ళు అడిగాడనీ, ఎక్కడికంటే ఇంటికి అన్నాడనీ, చూపించిన దారి కాకుండా ఇంకో దారిన వెళ్ళాడనీ చెప్పింది. మాస్టారు, నాన్న ఆ ఊరు వెళ్ళి నాలుగు రోజులు తిరిగారు. ఏమీ లేదు. జేబులో దొడ్డమ్మ కుట్టిపెట్టిన చిరునామా కాగితం ఉన్న చొక్కా మాత్రం ఆ ముందురోజే ఉతికి ఆరేశాం. తాడు మీదే ఉంది.

ఆ తరవాత పన్నెండేళ్ళు దొడ్డమ్మ బొట్టు పెట్టుకునే ఉంది. అది చూసేవాళ్ళకు ఇబ్బంది. వ్రతాలకు పిలవాలో వద్దో, పిలిస్తే పసుపు కుంకుమ ఇవ్వాలో వద్దో ఎవరికీ తెలీదు. ఒకామె తాంబూలం పళ్ళెం ఆవిడ దాకా తెచ్చి పక్కావిడకు ఇవ్వడం నా కళ్ళతో చూశాను. దొడ్డమ్మ పిలుపులకు వెళ్ళడం మానేసింది. నా చదువయింది, ఉద్యోగమయింది, పెళ్ళయింది, రాయగడ వదిలేశాను. పన్నెండేళ్ళు ఆచూకీ లేని మనిషికి కర్మ చెయ్యొచ్చని అయ్యవారు చెప్తే, నాగావళి ఒడ్డున దర్భలతో మనిషి బొమ్మ చేసి నాన్న నిప్పు పెట్టాడు. చిటికెలో మండిపోయింది. పండా మాస్టారు అప్పటికి రిటైరై, కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, తెలుగు మాట దొరికిందా అని నన్ను అడిగాడు. ఆ మాట కోసం నేను వెతకనే లేదని చెప్పలేక తల అడ్డంగా ఊపాను. ఆ సాయంత్రమే దొడ్డమ్మ బొట్టు తీసేశారు. నన్ను దగ్గర ఉండమన్నారు. ఉన్నాను.

ఇప్పుడు ఆ జబ్బుకు పేరుంది. మా వీధిలో మందుల షాపువాడు కూడా చెప్తాడు. చేతికి కట్టే గడియారాలున్నాయట, మనిషి ఎక్కడున్నాడో ఫోనులో చూపిస్తాయట. రోజుకు ఇంతని తీసుకుని చూసుకునే ఆయాలున్నారు. ఇవన్నీ అప్పుడుంటే ఏమయ్యేది అని లెక్క వేస్తాను. దొరికేవాడు. దొరికి, అదే గదిలో, అదే తలుపు వెనక ఇంకో ఆరేళ్ళు తట్టేవాడు. ఆ లెక్క ఎటు వేసినా నాకు తేలదు. ఈ మధ్య మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాట దగ్గర ఆగిపోతున్నాను. చిన్న మాటే, గరిటె అనో, వాకిలి అనో. ఆగినప్పుడల్లా ఎదుటివాళ్ళ నోటివంక చూస్తున్నానని నాకే తెలుస్తోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చివరిసారి దొడ్డమ్మను చూడ్డానికి వెళ్ళింది మొన్న వానల్లో. మంచం పట్టింది. ఆవిడ తమ్ముడి కోడలు అన్నం పెట్టి, మీరు మాట్లాడుకోండి అని ముందు గదిలోకి వెళ్ళింది. మధ్యాహ్నం. కొట్టులో ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు, ఆ చప్పుడంతా లోపలికి వస్తోంది. ఇంకెప్పుడు చెప్తాను అనిపించింది.

“దొడ్డమ్మా, ఆ రోజు గడియ తీసింది నేను.”

ఆవిడ కళ్ళు తెరవలేదు. వినలేదనుకుని మళ్ళీ చెప్పాను.

“తెలుసమ్మి,” అంది. “గడియ సప్పుడు ఇన్నాను. నిన్ను పిల్సింది కూడా ఇన్నాను.”

“మరి నువ్వు తీశానని ఎందుకన్నావు?”

“పరీచ్చలు రాస్తన్న పిల్లవి. నీకేటి మిగిల్తాదని.” కాసేపు ఊపిరి తీసుకుంది. “నువ్వెల్లేక మళ్ళీ పెరటి తలుపు సప్పుడు కూడా ఇన్నాను.”

నాకు వెంటనే అందలేదు. అందాక అడిగాను. “మెలకువగా ఉన్నావా? మరి లేవలేదేం?”

“ఒక్క పొద్దు పడుకుందావనుకున్నానమ్మి. ఒక్క పొద్దు.”

ముందు గదిలో ఎవరో ఫోను పాట పెట్టి ఆపేశారు. నేను అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

“తిరిగొచ్చేస్తాడనుకున్నావా?”

 దొడ్డమ్మ గోడవైపు తిరిగింది.

“అనుకోనేదు.”

దుప్పటి సర్ది, ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తీసెయ్యమనలేదు. ముప్పై ఏళ్ళు ఎవరికి వాళ్ళం దాచుకున్నది చెప్పేసుకున్నాం కదా, బరువు కొంత తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. చెరి సగమూ కాలేదు. ఇద్దరికీ నిండుగానే ఉందని మాత్రం తెలిసింది. ఆవిడ పోయిందని ఫోనొచ్చిన రోజు, ఆవిడది కూడా నాకే వచ్చింది.